చుట్టుకునే తెర, చదువుకునే ఫోను



మే నెల మిట్టమధ్యాహ్నం మఠంపల్లి మండలంలో సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీలు బారులు తీరి ఉంటాయి. లోడింగుకు తన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న డ్రైవరు ఫోను తీస్తాడు. ఈ-వే బిల్లు వచ్చిందో లేదో చూడాలి. తెర మీద బిల్లు కనపడదు, తన మొహం కనపడుతుంది. వెలుగు చివరిదాకా పెంచుతాడు, లాభం ఉండదు. ఆఖరికి మెడలోని తువాలు తల మీదుగా ఫోను మీదికి లాక్కుని, ఆ కాస్త చీకట్లో అంకెలు చదువుకుంటాడు. అదే మనిషి చొక్కా జేబులో ఉన్న కాటా చీటీకి ఈ తంటా ఏమీ లేదు. ఎండలో అది ఇంకా తేటగా కనపడుతుంది.

ఫోను తెర తన సొంత వెలుగుతో బొమ్మ చూపిస్తుంది కాబట్టి సూర్యుడితో పోటీ పడాలి, ఓడిపోవాలి. కాగితానికి సొంత వెలుగు లేదు. మీద పడ్డ వెలుగునే తిప్పి కంటికి పంపుతుంది. ఎండ పెరిగితే దానికి బలమే. మరి ఫోను తెరను కూడా కాగితంలా చేయలేమా? చేసి, కాగితంలాగే చుట్టి జేబులో పెట్టుకోలేమా? ఈ రెండు ప్రశ్నలకూ ఇంజనీర్లు జవాబులు కనిపెట్టి చాలాకాలమైంది. అలాంటి ఫోను పని చేస్తుండగా లోకానికి చూపించారు కూడా. అయినా అది దుకాణానికి చేరలేదు. ఎందుకు చేరలేదన్నది ఆ యంత్రం ఎలా పనిచేస్తుందన్నదానికి ఏమాత్రం తీసిపోని కథ.

మొదట సిరా సంగతి. 1970లలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో నిక్ షెరిడన్ అనే శాస్త్రవేత్త ఒక పక్క నలుపు, ఇంకో పక్క తెలుపు ఉన్న సన్నని ప్లాస్టిక్ పూసల్ని పల్చటి రేకులో పొదిగాడు. కరెంటు పెడితే పూస తిరుగుతుంది, కావలసిన రంగు పైకి వస్తుంది. కాపీ యంత్రాలు అమ్ముకునే కంపెనీకి కాగితాన్ని మాయం చేసే ఆలోచన మీద మోజు లేకపోవడంలో వింతేమీ లేదు. ఆ పని చాలా ఏళ్లు మూలనపడింది. 1990లలో ఎంఐటీలో జోసెఫ్ జాకబ్సన్ అనే ఆచార్యుడూ, ఆయన దగ్గర ఇంకా డిగ్రీ చదువుతున్న బారెట్ కామిస్కీ, జేడీ ఆల్బర్ట్ అనే కుర్రాళ్లూ మరో దారి పట్టారు. 1997లో ఈ ఇంక్ అనే కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది నేచర్ పత్రికలో వాళ్ల పరిశోధన అచ్చయింది.

ఈ ఇంక్ తెర ఉన్న పుస్తక పరికరాన్ని బడిలో వాడే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే నున్నటి తెల్లదనం పోయి, ఒకదానికొకటి ఒరుసుకుంటూ గుండ్రటి గుళికలు కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు 40 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక మందంలో సగం ఉంటుంది. గుళిక నిండా రంగులేని నూనె, అందులో తేలుతూ రెండు రకాల రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడు. ఇళ్లకు వేసే తెల్ల పెయింటులో ఉండేది ఇదే. భీమిలి, కళింగపట్నం తీరాల్లో నల్లగా మెరిసే ఇసుకలో దొరికే ఇల్మెనైటు దీనికి ముడిఖనిజం. నల్లవి మసిలాంటి కార్బను. తెల్లవాటికి ఒక విద్యుదావేశం ఇస్తారు, నల్లవాటికి దానికి వ్యతిరేకమైనది. గుళిక అడుగున ఉన్న లోహపు ఫలకానికి 15 వోల్టులు ఒక దిక్కుగా ఇస్తే తెల్ల రేణువులు పైకి ఎగబాకుతాయి, నల్లవి అడుగుకు దిగుతాయి. దిక్కు మారిస్తే నలుపు పైకి వస్తుంది.

దీని అసలు గొప్పతనం కరెంటు తీసేశాక తెలుస్తుంది. రేణువులు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. బొమ్మను నిలబెట్టడానికి కరెంటు అక్కర్లేదు, మార్చడానికి మాత్రమే కావాలి. అందుకే పుస్తక పరికరంలో చార్జింగు పూర్తిగా అయిపోయినా చివరి పేజీ అలాగే ఉండిపోతుంది.

ఇది ఫోనులోకి వచ్చింది మన దేశం మీదుగానే. 2006 చివర్లో మోటరోలా కంపెనీ మోటోఫోన్ ఎఫ్3 అనే చవక ఫోనును భారత మార్కెట్లో దించింది. మొదటిసారి ఫోను కొనేవాళ్లు, పెద్దగా చదువుకోనివాళ్లు, కరెంటు సరిగా లేని పల్లెలు దాని గురి. మందం 9 మిల్లీమీటర్లు. ఒకసారి చార్జింగు పెడితే రోజుల తరబడి నడిచేది. మెనూలో ఏముందో గొంతుతో చదివి చెప్పేది. తెర ఈ-పేపర్‌ది, అంటే ఇలాంటి సిరా తెర, కాబట్టి ఎండలో నిలబడి నంబరు చూసుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. డిజిటల్ గడియారంలో అంకెలు కొన్ని ముక్కల్తో తయారైనట్టే దీని అక్షరాలూ ముక్కల్తో తయారయ్యేవి. వరుసకు ఆరు అక్షరాలు, అలాంటివి రెండు వరుసలు. ఎస్సెమ్మెస్ వస్తే ఆరేసి అక్షరాల చొప్పున కూడబలుక్కోవాలి. ఇంగ్లిషుకే ఆ గతి పడితే, కింద వత్తూ పైన గుణింతమూ ఉన్న తెలుగు అక్షరం ఆ ముక్కల్లో ఎక్కడ ఇముడుతుంది?

కాబట్టి తెరను చుక్కలుగా విడగొట్టాలి. ప్రతి చుక్క కిందా దాన్ని నడిపే చిన్న స్విచ్చు, అంటే ఒక ట్రాన్సిస్టర్ ఉండాలి. అడ్డంగా 320, నిలువుగా 240 చుక్కలున్న చిన్న తెరకే 76,800 ట్రాన్సిస్టర్లు కావాలి. చుట్టే తెర తయారీలో కష్టమంతా ఇక్కడే ఉంది. సిరా చుట్టలేమన్న భయం మొదటినుంచీ లేదు. ఎల్‌సీడీ తెరలో రెండు గాజు పలకల మధ్య కొద్ది మైక్రాన్ల ఖాళీ ఎక్కడా చెదరకుండా ఉండాలి, వెనక దీపం వెలగాలి. ఈ-పేపర్‌లో ఏ గుళిక నూనె ఆ గుళికలోనే ఉంటుంది. వంచినా పక్కకు పారదు. వెనక దీపం ఊసే లేదు. వంగననేది ట్రాన్సిస్టర్ల పొర.

మామూలుగా ఆ పొరను గాజు మీద సుమారు 300 డిగ్రీల వేడిలో వేస్తారు. నీళ్ల సీసాకు వాడే రకం ప్లాస్టిక్ అంతకు చాలా ముందే ముడుచుకుపోతుంది. దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, అంత వేడినీ ఓర్చుకునే పాలిమైడు అనే పసుపు రంగు ప్లాస్టిక్. ద్రవరూపంలో గాజు మీద పోసి గట్టిపరిచి, దాని మీద ట్రాన్సిస్టర్లు కట్టి, చివర్లో గాజునుంచి ఊడదీస్తారు. రెండోది, అసలు సిలికాన్‌నే వదిలేసి తక్కువ వేడిలో పూతగా వేయగల సేంద్రియ పదార్థాలతో ట్రాన్సిస్టర్లు చేయడం. ఈ రెండో దారిలో ముందుకు ఉరికింది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పట్టణం. అక్కడి ఫిలిప్స్ పరిశోధకులు పెంటసీన్ అనే పదార్థంతో చేసిన వంగే తెర వివరాలు 2004లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో వచ్చాయి. ఫిలిప్స్ పొదిగిన పాలిమర్ విజన్ అనే సంస్థ 2005లో బెర్లిన్ ప్రదర్శనలో రీడియస్ అనే నమూనా పరికరాన్ని బయటపెట్టింది. 5 అంగుళాల తెర, మందం 100 మైక్రాన్లు, చుట్టినప్పుడు వ్యాసార్థం 7.5 మిల్లీమీటర్లు.

ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చుట్టే తెరల లెక్కంతా వీటిలోనే ఉంది. ఏ రేకునైనా వంచితే బయటి పక్క సాగుతుంది, లోపలి పక్క నొక్కుకుంటుంది. ఎంత సాగుతుందో తెలియాలంటే మందాన్ని, చుట్ట వ్యాసార్థానికి రెట్టింపుతో భాగిస్తే చాలు. మిల్లీమీటరులో పదో వంతును 15 మిల్లీమీటర్లతో భాగిస్తే 150లో ఒక వంతు. శాతంలో చెబితే ముప్పావు కన్నా తక్కువ. వినడానికి ఇది ఏపాటి అనిపిస్తుంది గానీ, తెరలోని సిలికాన్, పైన కనపడకుండా ఉండే ఇండియం టిన్ ఆక్సైడు పూత లాంటి పెళుసు పొరలు ఒక శాతం దరిదాపుల్లోనే చిట్లిపోతాయి. రేకు రెట్టింపు మందమైతే సాగుడూ రెట్టింపే, తెర గోవిందా. సన్నగా ఉంటేనే బతుకు. ఇంకో కిటుకూ ఉంది. సాగే పక్కకూ నొక్కుకునే పక్కకూ మధ్యలో, సాగనూ సాగక నొక్కుకోనూ నొక్కుకోని ఒక తలం ఉంటుంది. పెళుసైన పొర సరిగ్గా ఆ తలంలో పడేలా కింద కొన్ని, పైన కొన్ని మెత్తటి పొరలు పేరిస్తే, ఎంత చుట్టినా దాని మీద ఒత్తిడి పడదు.

ఈ చిక్కు తెలంగాణ నకాషీ చిత్రకారులకు కొత్తది కాదు. చేర్యాల పటం అంటే చుట్టి మోసుకెళ్లి, విప్పి చూపించే తెరే. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి అంబలి, జిగురు కలిపి పూతలు వేసి, ఆరబెట్టి, దాని మీద బొమ్మలు రాస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైబడిన పొడవు ఉన్న పటాలు కూడా ఉండేవి. ఊళ్లో కథ చెప్పేవారు ఒక్కో బొమ్మ వరస విప్పుతూ, అయినదాన్ని చుట్టుకుంటూ, రాత్రంతా కులపురాణం నడిపేవారు. పూత మందమైతే చుట్టినచోటల్లా పగిలి బొమ్మ రాలిపోతుంది. మరీ పల్చనైతే గుడ్డ పోగులు బయటపడతాయి. చింతగింజల అంబలి పాళ్లలో ఉన్న నేర్పూ, ఐండ్‌హోవెన్ వారి పొరల నేర్పూ పరిష్కరించింది ఒకే సమస్యను. రెండిటిలోనూ చుట్టవచ్చు గానీ మడత పెట్టకూడదు. మడతంటే వ్యాసార్థం దాదాపు సున్నా అన్నమాట.

రీడియస్ దగ్గరికి వద్దాం. వ్యాసార్థం 7.5 అంటే చుట్ట అడ్డుకొలత 15 మిల్లీమీటర్లు. దానికి పైతొడుగు వేసి, రేడియో చిప్పూ బ్యాటరీ పెడితే పరికరం మందం రెండు సెంటీమీటర్లు దాటింది. బరువు 115 గ్రాములు. జేబులో ఉన్నప్పుడు తెర ఫోను నడుమును చుట్టుకుని ఉంటుంది. రెక్కలు విప్పితే ఫోను కన్నా పెద్దదైన 5 అంగుళాల పేజీ పరుచుకుంటుంది. 16 ఛాయల బూడిద రంగు, 3జీ, మెమరీ కార్డు అన్నీ ఉన్నాయి. 2007లో టెలికాం ఇటాలియాతో ఒప్పందం ప్రకటించారు, 2008లో బార్సిలోనా మొబైల్ సంతలో పనిచేస్తున్న యంత్రాన్ని చూపించారు.

రెక్కలు ఎందుకు పెట్టాల్సి వచ్చిందన్నది గమనించదగ్గ విషయం. వంగే తెర గాలిలో దానంతటది నిలబడదు. వేలితో తాకితే లోపలికి కుంగుతుంది. వెనక ఏదో గట్టిది ఆనించాలి. పైగా తెరకు ఆజ్ఞలిచ్చే డ్రైవర్ చిప్పులు గట్టి సిలికాన్ ముక్కలు, అవి చుట్టుకోవు. వాటిని చుట్టని అంచున ఒకచోట అతికించి, చుట్టే అంచున ఉండాల్సిన సర్క్యూట్లను కూడా ప్లాస్టిక్ మీదే ట్రాన్సిస్టర్లతో కట్టాలి. 2004 నాటి ఐండ్‌హోవెన్ పరిశోధనలో తెరతోపాటు అలాంటి సర్క్యూట్లు కూడా ఉండటానికి కారణం ఇదే.

ఇంత చేశాక దెబ్బ తగిలింది సాంకేతికం వైపునుంచి కాదు. 2007 జూన్‌లో ఐఫోన్ వచ్చింది, నవంబరులో కిండిల్ అనే పుస్తక పరికరం వచ్చింది. చదివేవాళ్లకు గట్టి పలక చాలునని కిండిల్ తేల్చింది. తక్కినవాళ్లకు రంగులూ వేలితో జరిపే వేగమూ కావాలని ఐఫోన్ తేల్చింది. మరుసటి ఏడాది ప్రపంచమంతా డబ్బుకు కటకట. 2009లో పాలిమర్ విజన్ దివాలా తీసింది. తైవాన్ కంపెనీ విస్ట్రాన్ కొనుక్కుని మరికొన్నాళ్లు నడిపింది. 2011లో 6 మిల్లీమీటర్ల వ్యాసార్థానికి 25,000 సార్లు చుట్టినా చెడని తెర చూపించారు. రోజుకు ముప్ఫై సార్లు విప్పినా రెండేళ్ల పైచిలుకు వస్తుంది. అప్పటికి అడిగేవాళ్లు లేరు. 2012 చివర్లో తలుపులు మూశారు. ఆ ఏడాదే ఎల్‌జీ కంపెనీ 6 అంగుళాల ప్లాస్టిక్ ఈ-పేపర్ తయారీ మొదలుపెట్టింది. అది వంగేదే కానీ చుట్టేది కాదు. దాని మందం 0.7 మిల్లీమీటర్లు. మందాన్ని వ్యాసార్థంతో ముడిపెట్టే లెక్క ఇందాకే విన్నాం కదా.

మన దేశంలో అయితే 2016 సెప్టెంబరులో జియో రాకే ఈ కథకు ముగింపు పలికిందని చెప్పుకోవచ్చు. డేటా నీళ్లలా పారింది. ఫోను చదివే వస్తువు కాస్తా చూసే వస్తువైంది. నూనెలో ఈదే రేణువులు అటునుంచి ఇటు రావడానికి సెకనులో నాలుగో వంతో సగమో పడుతుంది. వీడియోకు సెకనుకు 24 బొమ్మలు కావాలి. మడత ఫోన్లు ఇప్పుడు వస్తున్నాయి గానీ వాటిలో ఉన్నది ఓఎల్ఈడీ, తనంతట తాను వెలిగేది. 2021 జనవరిలో ఎల్‌జీ చుట్టుకునే ఫోను చూపించి ఊరించింది, ఏప్రిల్ కల్లా ఫోన్ల వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తెరల కింద కూడా గాజునుంచి ఊడదీసిన పాలిమైడే. తెలంగాణలో 24,000 కోట్ల రూపాయలతో అమోలెడ్ తెరల ఫ్యాక్టరీ పెడతామని 2022 జూన్‌లో రాజేష్ ఎక్స్‌పోర్ట్స్ సంస్థ ప్రభుత్వంతో ఒప్పందం ప్రకటించినప్పుడు అనుకున్నదీ ఆ జాతి తెరలే.

వంగే ఈ-పేపర్ మాత్రం అంతరించలేదు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రోయల్ వెర్టెగాల్ బృందం 2011లో దానితో పేపర్‌ఫోన్ చేసింది. మూల వంచితే పేజీ తిరిగేది. 2022లో బీఎమ్‌డబ్ల్యూ ఒక కారుకు ఒళ్లంతా ఈ ఇంక్ రేకు ముక్కలు అతికించి, మీట నొక్కితే తెల్లకారు నల్లకారు అయ్యేలా చూపించింది. ఎక్కువ భాగం మాత్రం విదేశీ సూపర్ మార్కెట్ల అరల మీద ధరలు చూపించే చీటీలుగా కుదురుకుంది. జేబులో చుట్టుకుని తిరగాల్సిన తెరకు ఉప్పు ప్యాకెట్టు ముందు నిలబడే ఉద్యోగం దొరికింది. ఏదో ఒక ఉద్యోగం అనుకోవాలి.

అయితే తెలుగు చదివేవాళ్ల లెక్క వేరు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేయించే పథకానికి నడుం కట్టారు. అందులో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పెద్ద పాత్ర పోషించింది. పాత తెలుగు నవలలు, వ్యాకరణాలు, పత్రికల సంపుటాలు అలా కంప్యూటర్లకెక్కాయి. ఎక్కినవి అక్షరాలుగా కాదు, పేజీల ఫొటోలుగా. అక్షరమైతే తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకుంటుంది, ఫొటో సర్దుకోదు. ఫోనులో ఆ పుస్తకం తెరిస్తే పేజీ మొత్తం కనపడినప్పుడు వత్తులు కనపడవు. వేళ్లతో పెద్దది చేస్తే వాక్యం సగంలో తెగిపోతుంది. కుడికి జరపాలి, మళ్లీ ఎడమకు, మళ్లీ కిందికి. పద్యమైతే మరీ నరకం. కిండిల్ దుకాణంలో భారతీయ భాషల పుస్తకాలు 2016లో మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి చాలామంది తెలుగు పాఠకులకు ఈ-పుస్తకం అంటే ఇప్పటికీ ఫోనులో పీడీఎఫే. ఎండలో వెలవెలబోయే చిన్న కిటికీలోంచి ఒక పెద్ద పేజీని తొంగి చూడటమే. వీడియో ఆడకపోయినా ఫరవాలేదు, పేజీ పూర్తిగా పరుచుకుంటే చాలు అనే గిరాకీ ఎవరికైనా ఉందంటే అది వీళ్లకే.

దానికి ఎంత తెర కావాలో లెక్క కట్టి చూడవచ్చు. మన ప్రచురణకర్తలు ఎక్కువగా వాడే డెమ్మీ సైజు పుస్తకం పేజీ అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. మూలనుంచి మూలకు కొలిస్తే 10 అంగుళాలు, ఇప్పటి ఫోను తెరలకు దాదాపు ఒకటిన్నర రెట్లు. పొడవు అంచు వెంట చుడితే గొట్టం ఎనిమిదిన్నర అంగుళాలు అవుతుంది, జేబులోంచి బయటికి పొడుచుకొస్తుంది. వెడల్పు అంచు వెంట చుడితే అయిదున్నర అంగుళాలు, అంటే 14 సెంటీమీటర్లు. మామూలు ఫోను కన్నా ఓ ముక్క తక్కువే. 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థానికి చుట్టుకొలత 47 మిల్లీమీటర్లు కాబట్టి, ఎనిమిదిన్నర అంగుళాల రేకు నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. చుట్టు చుట్టుకూ చేరే మందం 100 మైక్రాన్లే, అన్నీ కలిపినా గొట్టం అడ్డుకొలత 16 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. విప్పినప్పుడు నిటారుగా నిలబెట్టే సన్నటి ఊచలు రెండు కావాలి. తాకితే కుంగకుండా ఉండాలంటే పేజీ తిప్పే మీటను తెర మీద కాక గొట్టం మీదే పెట్టాలి. బ్యాటరీకి చోటు వెతకనక్కర్లేదు. గొట్టం లోపలి బోలు 15 మిల్లీమీటర్లు, గోడగడియారంలో వేసే చిన్న సెల్లు అడ్డుకొలత 14.5.